తుత్‌ని చూసి వచ్చాను

ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇరవై రోజులైంది. ఎదురైన ప్రతివాళ్ళూ కంగారూను చూశావా అని అడుగుతున్నారు. చూశాను. రోడ్డు వారన గడ్డి మేస్తున్నవి కారు చప్పుడుకు తలెత్తి, మన మేకల్లాగే ఒక చూపు చూసి, మళ్ళీ తల దించుకున్నాయి. కాని నేను అంత దూరం వెళ్ళింది ఒక మనిషి కోసం. అతను చనిపోయాడని పదేళ్ళకు పైగా అనుకుంటూ వచ్చాను.

నాది అద్దంకి పక్క పల్లె. సైన్యంలో పశువైద్య విభాగంలో ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. డాక్టర్ని కాను, డాక్టరుకు చేయి అందించేవాణ్ణి. శాంతిసేనతోపాటు మన దేశం దక్షిణ సూడాన్‌కు పశువుల ఆసుపత్రిని కూడా పంపిందని చాలామందికి తెలియదు. అక్కడివాళ్ళకు ఆవే ఆస్తి, ఆవే పరువు. పెళ్ళికి మగపెళ్ళివారిచ్చే ఓలి కూడా ఆవులే. ఆవును బతికించినవాడి మాట ఊరు వింటుందని పైవాళ్ళ ఆలోచన. నేను చూసినంతవరకు అది నిజమే.

తెల్ల నైలు ఒడ్డున ఉన్న పట్నంలో మా శిబిరం. అక్కడ మాకు దుబాసీగా తుత్ అనే కుర్రవాడు పనిచేసేవాడు. న్యూయర్ జాతివాడు. తుత్ అంటే వాళ్ళ భాషలో ఆంబోతు. పేరుకు తగ్గట్టు ఎత్తైన మనిషి, మాట మాత్రం మెత్తన. నన్ను కోటీ అని పిలిచేవాడు.

రెండువేల పదమూడు డిసెంబరులో రాజధానిలో కాల్పులు మొదలయ్యాయి. జాతి అడిగి మరీ చంపుతున్నారని కబుర్లు మేమున్న పట్నందాకా వచ్చాయి. క్రిస్మస్ దగ్గర పడిన ఒక మధ్యాహ్నం తుత్ నా దగ్గరకు వచ్చి, తన భార్యను, మూడు నెలల పసిబిడ్డను, అన్నను ఆ రాత్రికి శిబిరం లోపల ఉండనిస్తారా అని అడిగాడు. మేజర్ గారిని అడిగి చెబుతాను, పొద్దున్నే రా అన్నాను. అడగలేదు. ఆయన భోజనం చేస్తున్నారని, కబుర్లన్నీ నిజం కావని, ఆర్డరు లేకుండా ఎవరినీ రానివ్వరని నాకు నేనే చెప్పుకున్నాను. తెల్లవారకముందే ఊళ్ళో తుపాకులు మోగాయి. మధ్యాహ్నానికి ఆర్డరు వచ్చింది, గేటు తెరిచాం. వేలమంది లోపలికి వచ్చారు. తుత్ రాలేదు. ఆ టార్పాలిన్ల మధ్య అతని పేరు పిలుస్తూ వారాల తరబడి తిరిగాను. ఈ సంగతి ఇంటికి వచ్చాక కూడా ఎవరికీ చెప్పలేదు, అప్పటినుంచి సరిగా నిద్రపోయిందీ లేదు.

మొన్న మార్చిలో నా ఫోన్‌కు ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. ఆవులకు వైద్యం చేసిన కోటీవి నువ్వేనా, నేను తుత్‌ని, ఆస్ట్రేలియాలో పాల డైరీలో పనిచేస్తున్నాను, ఒకసారి రా. మా పాత బ్యాచివాళ్ళు పెట్టుకున్న ఫొటో కింద నా పేరు చూసి పట్టుకున్నాడట. ఆ మెసేజ్ చదివి మంచం మీద కూర్చుండిపోయాను. బతికి ఉన్నాడన్న సంతోషం ఒక పక్క, ఎందుకు రమ్మంటున్నాడో అన్న భయం ఒక పక్క.

మెల్‌బోర్న్‌లో దిగగానే

మా అన్న కూతురు శ్రావణి మెల్‌బోర్న్‌లో నర్సు. చదువుకోవడానికి వెళ్ళి అక్కడే స్థిరపడింది. సామాను గురించి ముందే ఫోన్లో హెచ్చరించింది. "బాబాయ్, ఫామ్‌లో అన్నీ డిక్లేర్ చెయ్. ఒక్కటి దాచినా పెద్ద ఫైన్ వేస్తారు." అన్నీ రాశాను. గోంగూర పచ్చడి సీసాను విమానాశ్రయంలో అధికారి ఒకామె వెలుతురుకు పట్టుకుని చూసి ఇచ్చేసింది. మా ఆవిడ రెండు రోజులు కూర్చుని చేసిన పాలకోవాను మాత్రం చెత్తడబ్బాలో వేసింది. మన దేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి పాలతో చేసినవేవీ రానివ్వరట. తర్వాత నా బూట్లు అడుగు వైపు తిప్పి చూసి, ఈ మధ్య పశువుల దగ్గరకు వెళ్ళావా అని అడిగింది. నిన్ననే మా గేదె పాలు పితికానని నిజం చెప్పాను. బూట్లు తీసుకెళ్ళి కడిగి తెచ్చి ఇచ్చింది. ముప్పై ఏళ్ళు పశువుల మధ్య బతికినవాణ్ణి, నాకు కోపం రాలేదు. కోవా పోయిందని మా ఆవిడకు మాత్రం ఇప్పటికీ కోపమే.

ఆగస్టు అక్కడ చలికాలం. శ్రావణి వాళ్ళ ఇల్లు క్రాన్‌బోర్న్‌లో. వీధి పొడుగునా ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్ళు, మధ్యాహ్నం పూట మనిషి కనిపిస్తే ఒట్టు. శ్రావణి కూతురు ఆద్యకు ఎనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. నా పాత ఫొటోలో నీలి టోపీ చూసి యుద్ధం చేశావా తాతా అని అడిగింది. లేదమ్మా, ఆవులకు సూదులు వేశాను అన్నాను. పాపం, కొంచెం నిరాశపడింది.

తుత్ ఉండేది గిప్స్‌లాండ్ అనే పాడి ప్రాంతంలో, వారగల్ అనే ఊళ్ళో. రైల్లో వెళితే గంటలోపే. వచ్చానని మెసేజ్ పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కేరమ్ డౌన్స్

మూడో రోజు శ్రావణి నన్ను కేరమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయానికి తీసుకెళ్ళింది. దర్శనమయ్యాక క్యాంటీన్‌లో కూర్చున్నాం. దోసె పన్నెండు డాలర్లు. ఆ డబ్బుతో అద్దంకిలో ఒక కుటుంబం కడుపు నిండా టిఫిన్ తింటుంది. దోసె బాగుందని ఒప్పుకోవాలి.

మా బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నారు. శ్రావణి ఆయన్ని నాయుడు అంకుల్ అని పరిచయం చేసింది. ఫిజీలో పుట్టిన తెలుగువారు. ఆయన తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల కూలికి ఓడ ఎక్కారట. ఆయన తెలుగు మన నాయనమ్మల కాలం నాటిది, మధ్యలో ఫిజీ హిందీ దొర్లుతుంది. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక కుటుంబంతో ఇక్కడికి వచ్చేశారు. బస్సు నడిపి రిటైరయ్యారు.

నేనేం పని మీద వచ్చానో అడిగారు. శ్రావణి పచ్చడి అమ్మే చోటికి లేచి వెళ్ళింది. ఎందుకో ఆయనకు చెప్పగలిగాను. కొత్తవాళ్ళకు చెప్పడం తేలిక కాబోలు. దోసె చల్లారిపోయింది. ఆయన అంతా విన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు. ఆ గొడవల రోజుల్లో పక్కింటి ఫిజీ మనిషి, వేరే జాతివాడు, కర్ర పట్టుకుని రెండు రోజులు వాళ్ళ వాకిట్లో కూర్చున్నాడట. వాళ్ళ ఇంటి మీదికి ఎవరూ రాలేదు. నాయుడుగారు దేశం వదిలేటప్పుడు ఆ హడావుడిలో అతనికి చెప్పకుండానే వచ్చేశారు.

"వెళ్ళి ఒక మాట చెప్పాలి, చెప్పాలి అనుకుంటానే ఉన్నా. వాడు పోయినాడని తెలిసింది," అన్నారు. "మీవాడు బతికి ఉండాడు గదా. ఇంక ఆలోచనేమి, పొండి."

అక్కడే, ఆ బల్ల దగ్గరే తుత్‌కు మెసేజ్ పెట్టాను. నిమిషంలో జవాబు వచ్చింది. శుక్రవారం రమ్మన్నాడు.

డాండినాంగ్ సంత

వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా. కోవా లేదు. గురువారం శ్రావణి డ్యూటీకి వెళుతూ నన్ను డాండినాంగ్ మార్కెట్ దగ్గర దింపింది. మన మంగళవారం సంత లాంటిదే, కాని పైకప్పు ఉంది, అరుపులు తక్కువ. బెండకాయలు చలికాలం కావడంతో కిలో పద్నాలుగు డాలర్లు. అఫ్గన్లు, వియత్నాంవాళ్ళు, మనవాళ్ళు, ఆఫ్రికావాళ్ళు ఒకే కూరల కుప్ప చుట్టూ నిలబడి ఏరుకుంటున్నారు. తమ దేశాల్లో నిలవలేక వచ్చినవాళ్ళు ఎందరో వాళ్ళలో. ఒకరి కాలు ఒకరు తొక్కితే సారీ చెప్పుకుంటున్నారు. అది చూస్తూ అరగంట నిలబడ్డాను. బెండకాయలు కొననందుకు కొట్టువాడు నన్ను అనుమానంగా చూశాడు.

పక్క వీధిలో దక్షిణ సూడాన్ ఆమె ఒకరు చిన్న కొట్టు పెట్టుకున్నారు. లోపల ఎండబెట్టిన బెండ, జొన్నపిండి, పూసల దండలు. నాకు న్యూయర్ భాషలో గుర్తున్న ఒక్క మాట, మాలే, అన్నాను. శాంతి అని అర్థం, వాళ్ళు పలకరించుకునేది దానితోనే. ఆమె చేతిలో పని ఆపి నన్ను ఎగాదిగా చూసి, అదే మాట తిరిగి అంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఊరి పేరు చెప్పాను. ఆమె ముఖం మారింది. వాళ్ళ చెల్లెలు ఇప్పటికీ ఆ శిబిరం పక్కనే టార్పాలిన్ కింద ఉంటోందట. గేటు తెరిచినప్పుడు నువ్వున్నావా అని అడిగింది. ఉన్నానన్నాను. ఇంకాస్త ముందు తెరవాల్సింది అంది. కోపంగా అనలేదు, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది. అవునన్నాను. రెండు కిలోల జొన్నపిండి కట్టి ఇచ్చి, డబ్బు తీసుకుని, దుకాణం గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

దూరదేశాల నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ ఏం చేశారని ఎవరైనా అడిగితే నేనూ ఆమె మాటే చెబుతాను. గేటు తెరిచాం, ఆలస్యంగా తెరిచాం. లోపలికి వచ్చినవాళ్ళకు నీళ్ళు చాలలేదు, మరుగుదొడ్లు చాలలేదు. గడ్డపార పట్టి నేనూ తవ్వాను. అయినా లోపలికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బతికారు.

వారగల్

శుక్రవారం శ్రావణి పాకెన్‌హామ్ స్టేషన్లో దింపితే రైలెక్కాను. మంచు విడిచేసరికి కిటికీకి రెండు వైపులా పచ్చటి గుట్టలు, వాటి మీద నలుపు తెలుపు ఆవులు. ఏం మాట్లాడాలో ఇంగ్లీషులో కాగితం మీద రాసుకున్నాను. స్టేషను వచ్చేలోపు అది చెమటకు మెత్తబడింది.

ప్లాట్‌ఫారం మీద అతన్ని గుర్తుపట్టడం కష్టం కాలేదు, అందరికంటే ఒక తల ఎత్తు. జుట్టు నెరిసింది. పక్కన భార్య మేరీ, పదకొండేళ్ళ పాప న్యామాల్. ఆ రోజు లోపల ఉండనిస్తారా అని తుత్ అడిగిన పసిబిడ్డ ఈ పాపే. తుత్ నా రెండు భుజాలూ పట్టుకుని, పశువును కొనేముందు చూసినట్టు తేరిపార చూశాడు.

"ముసలాడివయ్యావు, కోటీ," అన్నాడు.

మేం మాట్లాడుకున్నదంతా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఇంట్లో నా జొన్నపిండి అందుకుని మేరీ వల్‌వల్ పెట్టింది. జొన్నపిండిని సన్నటి పూసల్లా ఉండలు చేసి ఆవిరి మీద ఉడికించి, పాలు పోసి ఇస్తారు. మా నాయనమ్మ జొన్న సంకటిలో పాలు పోసిన రుచే. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. న్యామాల్ వాళ్ళమ్మ న్యూయర్ భాషలో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతోంది. మా ఇంట్లోనూ ఇంతేనని మేరీతో అంటే, ఆమె చేతులు తుడుచుకుంటూ నవ్వింది. మనకైతే కట్నం, వాళ్ళకైతే ఓలి. ఇక్కడ పిల్లకు ఎన్ని ఆవులు అడుగుతావని తుత్‌ని అడిగాను. ఇది లాయరవుతానంటోంది, అడిగితే నా మీదే కేసు పెడుతుంది అన్నాడు.

నేను కాగితం తీయలేదు. మేరీ, పాప అక్కడే ఉన్నారు.

కంచె దగ్గర

మధ్యాహ్నం తుత్ పనిచేసే డైరీకి వెళ్ళాం. మూడు వందల ఆవులు, నలుగురే మనుషులు. యజమానురాలు జానిస్, అరవై దాటిన మనిషి, మోకాళ్ళదాకా బూట్లు. నాతో చేయి కలిపి, దేశంలోకి వచ్చి ఎన్ని రోజులైందని అడిగింది. ఐదు అన్నాను. ఏడు దాటితేగాని పశువుల దొడ్డిలోకి రానివ్వనని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. సరైన పనేనన్నాను.

తుత్ లోపల, నేను కంచెకు బయట నిలబడ్డాం. ఒక ఆవు ఈనడానికి అవస్థ పడుతోంది. దూడ ముందుకాలు ఒకటి వెనక్కి మడతపడింది. అతను చొక్కా చేతులు పైకి మడిచి, చేయి లోపలికి పెట్టి, ఓపిగ్గా కాలు సవరిస్తున్నాడు. నాకు చేతులు పీకుతున్నాయి. ఉన్నట్టుండి అతని నోటి నుంచి తెలుగు వినిపించింది. "హో, హో, అయిపోయిందమ్మా, అయిపోయింది." ఆ రోజుల్లో నేను ఆవులతో అనే మాటలు. ఇక్కడి ఆవులకు కూడా అదే అర్థమవుతుందట. దూడ జారి గడ్డిలో పడింది. రెండు నిమిషాలకు తల విదిలించింది.

తుత్ చేతులు కడుక్కుని కంచె దగ్గరకు వచ్చాడు. అప్పుడు చెప్పాను.

"తుత్, ఆ రోజు నేను మేజర్ గారిని అడగలేదు. అడుగుతానని నీతో చెప్పాను. అడగలేదు."

"తెలుసు," అన్నాడు.

ఎలా తెలుసన్నాను.

"ఆఫీసు ఎడమ పక్క. నువ్వు కుడి పక్కకు, దూడల కొట్టంలోకి వెళ్ళావు. నేను గేటు బయట నిలబడి చూశాను. ఈయన అడగడు అనుకున్నాను. ఇంటికి వెళ్ళి మేరీని లేవదీసి, చీకటి పడకముందే ఏటి దగ్గరకు వెళ్ళాం. చేపలు పట్టేవాడికి మేకనిచ్చి పడవలో దాటాం."

అక్కడి నుంచి పగలు పొదల్లో దాగుతూ ఇథియోపియా దాకా నడిచారు. అక్కడి శరణార్థుల క్యాంపులో ఏళ్ళు గడిపి, చివరికి ఈ దేశం తీసుకుంటే వచ్చారు. అన్న బోల్‌ను కూడా రమ్మన్నాడట. మందను వదిలి రానన్నాడు. తెల్లవారుజామున వాళ్ళ వీధికి తుపాకులతో వచ్చారు. బోల్ ఆవుల దగ్గరే చనిపోయాడు.

తుత్ కంచె మీద మోచేతులు ఆనించి చెప్పాడు.

"నువ్వు నిజంగా అడిగేవాడిలా కనిపించి ఉంటే, పొద్దున దాకా ఇంట్లోనే కూర్చునేవాళ్ళం. నీ మంచితనం వల్ల మేం బతకలేదు, అది నీకు తెలియాలి. నీవల్ల ఎవరూ చావలేదు. బోల్‌ని చంపింది చంపినవాళ్ళు. అదీ తెలియాలి. అందుకే రమ్మన్నాను."

నా మీద కోపం ఉండేదా అని అడిగాను. రెండేళ్ళు ఉండేదన్నాడు. తర్వాత వాళ్ళ పెద్దమ్మ మా శిబిరంలో నుంచే ఎవరి ఫోన్‌తోనో అతనితో మాట్లాడిందట. గేటు తెరిచిన రోజున లోపలికి వచ్చి బతికినవాళ్ళలో ఆమె ఒకరు. ఆవుల వైద్యం చేసే ఇండియావాడు ఒకడు రోజూ పొద్దునా సాయంత్రం తుత్, తుత్ అని పిలుస్తూ గుడారాల మధ్య తిరిగేవాడని చెప్పింది.

"పాపం, ఆంబోతు తప్పిపోయిందేమో అనుకుందట," అన్నాడు తుత్. "ఇంతమంది చస్తుంటే వీడికి ఎద్దు కావాల్సి వచ్చిందా అని తిట్టుకుందట కూడా."

ముందు అతనే నవ్వాడు. తర్వాత నేను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే నాకు ఏడుపు వచ్చింది. జానిస్ దూరం నుంచి చూసి, ఒక కప్పు టీ తెచ్చి కంచె స్తంభం మీద పెట్టి వెళ్ళిపోయింది.

తిరుగు రైలు

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని మర్నాడు మధ్యాహ్నం రైలుకు బయల్దేరాను. స్టేషన్లో తుత్, ఇదంతా ఎక్కడైనా రాస్తావా అని అడిగాడు. రాయాలనుంది, నీకు అభ్యంతరమా అన్నాను.

"రాయి. అన్ని చోట్లా ఇన్ని వేలమంది అని రాస్తారు. మా అన్న పేరు రాయి. బోల్. ముప్పై ఒక్కేళ్ళు. పాట బాగా పాడేవాడు, ఆవుల మీద కట్టిన పాటలు. దొంగ కాదు, సిపాయి కాదు."

మాట ఇచ్చాను. ఈసారి మాట ఇవ్వడానికి భయం వేయలేదు.

రైలు కదిలి ఊరు దాటే వరకు గుర్తుంది. తర్వాత ఎవరో భుజం తడుతుంటే కళ్ళు తెరిచాను. పాకెన్‌హామ్ ఎప్పుడో దాటిపోయింది. రైలు మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డున చివరి స్టేషన్లో ఆగి ఉంది, పెట్టెలో నేను తప్ప ఎవరూ లేరు. యూనిఫాంలో ఉన్న ఆమె ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. చాలా బాగుందన్నాను. ఫోన్లో శ్రావణి మిస్డ్ కాల్స్ తొమ్మిది.

ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఆమెకు ఫోన్ చేశాను.

"బాబాయ్, వన్ అవర్ నుంచి పాకెన్‌హామ్ స్టేషన్‌లో వెయిట్ చేస్తున్నా. ఏమైపోయావ్?"

"నిద్రపోయానమ్మా."

"రైల్లోనా? నీకు మంచం మీద కూడా నిద్ర పట్టదు కదా," అంది.

వచ్చి తీసుకెళ్ళు, దారిలో అంతా చెబుతానన్నాను.